ఉమ్మడి పాతరకు ఉప్పు పరీక్ష

అనగా అనగా, ఏ రాజుల కాలమో గాని, నల్లరేగడి చేల నడుమ రేగడిమిట్ట అనే పల్లె ఒకటి ఉండేది. అక్కడివారందరూ చిన్న రైతులే. ఎవరి చేను వారిదే అయినా, జొన్నలు దాచుకొనే పాతర మాత్రం ఊరందరికీ ఒక్కటే. నేలలో బావిలా గొయ్యి తవ్వి, చుట్టూ ఎండుచొప్ప పేర్చి, అందరి గింజలూ అందులో కలిపి పోసి, పైన మట్టితో మూసేవారు.

పాతరలో తొలిగంప పోసినవారికి తలపాగా చుట్టి తాంబూలమివ్వడం ఆ ఊరి ఆచారం. ఆ మర్యాదకోసం అందరూ పరుగులు తీసేవారు. మంచుతడి ఆరకముందే గింజలను గంపలకెత్తేవారు.

దాని ఫలం క్రిందటేడు తెలిసివచ్చింది. పాతర తెరవగానే బూజువాసన గుప్పుమంది. పారబోయ మనసొప్పక, కడిగి వండుకొన్నారు. ఆ సంకటి తిన్న పిల్లలు మంచాన పడ్డారు. సుంకులమ్మ అనే రైతుబిడ్డకు ఒక్కగానొక్క కూతురు. ఆ పిల్ల చావు తప్పి బయటపడింది. కోటకు అమ్మకానికి పంపిన జొన్నలను రాజుగారి ధాన్యాధికారి తిప్పిపంపాడు.

"వచ్చే ఏడూ ఇట్లే ఉంటే, మీ ఊరి గింజ కోటగుమ్మం తొక్కదు!" అన్నాడు.

సుంకులమ్మ మనసు కుదుటపడలేదు. ముసురుపట్టిన నాడు వంటింటి ఉప్పు చెమర్చడం ఆమె ఎరుగును. గాలిలోని తడిని పట్టే ఉప్పు గింజలోని తడిని పట్టదా అనుకొంది. వేయించి ఆరబెట్టిన మెత్తని ఉప్పును జొన్నలతో కలిపి, సొరకాయబుర్రలో వేసి కుదిపి, చేటలో పోసి చూసింది. ఎండిన గింజలనుండి ఉప్పు ఇసుకలా జారింది. తడిగింజలకు అంటుకొని ముద్దకట్టింది. ఆ వింత ఊరికి చూపి, పాతర కాపలా తనకిమ్మని వేడుకొంది. పిల్లల జబ్బు ఇంకా మరువని ఊరు సరేనంది.

కోతలయ్యాయి. మొదట పెదకాపు వీరనారాయణ గంపతో వచ్చాడు.

"ఏమే కోడలా, మా జొన్నలకు జాతకం చూస్తావా?"

"జాతకం కాదు మామా, జలుబు చేసిందేమోనని నాడి చూస్తాను."

ఉప్పు ముద్దకట్టింది. "ఇంకా నాలుగెండలు చూపించి తీసుకురా మామా" అంది. పెదకాపు మీసం దువ్వుకొంటూ, "పిడికెడు ఉప్పు పట్టుకొని ఊరినేలుతోంది!" అని గొణుగుతూ మరలిపోయాడు.

తరువాత సుంకులమ్మ ఆడబిడ్డ రంగసాని వచ్చింది. ఆమె గింజలకూ ఉప్పు అంటింది.

"ఇంటి ఆడబిడ్డనే తిప్పి పంపుతావా వదినా? ఇక నీ గడప తొక్కితే ఒట్టు!"

"తొక్కకపోతే నేనే మీ ఇంటికొచ్చి గింజలు ఎండలో తిరగబోస్తాలే, పద" అంది సుంకులమ్మ. అన్నట్టే వెళ్ళి తిరగబోసింది.

ఒక్కొక్కరి గింజలూ ఎండి పాతర చేరాయి. చివరకు సుంకులమ్మ గంపలు మిగిలాయి. అప్పటికే పడమట మబ్బు లేచింది. గోడవార నిలిపిన ఆ గంపలకు చెమ్మ ఎక్కిందేమోనని ఆమెకు లోలోపల జంకు.

"నీ గింజలకు పరీక్షేమిటి వదినా? పోసెయ్, వాన వస్తోంది!" అంది రంగసాని.

పోస్తే అడిగేవారు లేరు. పోయకపోతే ఏడాది తిండి వానపాలు. సుంకులమ్మ మబ్బువంక ఒకసారి చూసింది. అయినా బుర్ర అందుకొని కుదిపింది. చేటలో ఉప్పు ముద్దకట్టింది.

"నా గింజ పనికిరాదు. పాతర మూసెయ్యండి" అంది.

పెదకాపు నివ్వెరపోయాడు. "ఏడాదంతా నీ బిడ్డకేం పెడతావే?"

"ఇవి పాతరలో పోస్తే, ఊరి బిడ్డలకేం పెడతాం మామా?"

ఆ మాటకు పెదకాపు కన్ను చెమర్చింది. "ఏమిట్రా చూస్తారు? చాపలు తెండి!" అని కేకవేశాడు. ఎండకు కాగిన నల్లబండమీద చాపలు పరిచారు. గింజలు పలుచగా నెరిపారు. పెదకాపే మోకాళ్ళమీద కూర్చొని కలియదిప్పాడు. రంగసాని చేటతో విసిరింది. మబ్బును చూసేవారొకరు, ఉప్పును చూసేవారొకరు. పొద్దువాలేవేళకు ఉప్పు జలజల జారింది! గింజలు పోసి, పాతర మూసి, మట్టి మెత్తేదాకా వాన ఆగింది. ఆపైన కుండపోతగా కురిసింది.

వానలు వెలిశాక ధాన్యాధికారి మొగం చిట్లించుకొని వచ్చాడు. పాతర తెరిపించాడు. పిడికెడు జొన్నలు వాసన చూశాడు. కొత్తచొప్ప పరిమళం తప్ప బూజు లేదు. పంటికింద పెట్టాడు, పటుక్కుమంది. సంకటి వండించి తిన్నాడు. "ఇంకొక ముద్ద వెయ్యమ్మా" అన్నాడు. ఊరంతా గొల్లున నవ్వింది.

కోటగుమ్మం బార్లా తెరుచుకొంది. రేగడిమిట్ట బండ్లు బారులుతీరి, గజ్జెలు ఘల్లుమనగా లోనికి నడిచాయి. రాజు సుంకులమ్మను సభకు పిలిపించి, రాజ్యంలోని ప్రతి పాతరవద్దా ఆమె చెప్పిన పరీక్షే జరగాలని ఆజ్ఞాపించాడు.

కాబట్టి పిల్లలారా, పదిమంది నోటికి చేరే గింజను కాచేవారు ఇతరుల గంపను చూసిన కంటితోనే తమ గంపనూ చూసుకోవాలి. అట్టివారి మాటనే లోకం తలదాలుస్తుంది.