గవరయ్య మోకాలి వాపు దిగిన వైనం

నీలంపేటలో తెలివంటూ ఉంటే అది తమ ఇంట్లోనే ఉందని నరసాయమ్మ నమ్మకం. ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేసే మనిషి ఆవిడ. మొగుడు గవరయ్య, మరిది సన్యాసి ఆవిడ గీసిన గీత దాటరు. ఇంకేముంది, ఇల్లంతా తెలివే!

ఆదివారం నాట్లనగా గవరయ్య మోకాలు గుమ్మడికాయలా వాచింది. పైగా తిన్నది అరగడం లేదు. ఆయన మడిలో దిగకపోతే నారు ముదిరిపోతుంది. నరసాయమ్మ గుండెల్లో రాయి పడింది. మొగుణ్ణి సైకిలెక్కించి ఆచారి డాక్టరు దగ్గరికి తోసుకుపోయింది.

"భయం లేదమ్మా. బొప్పాయి, అనాస పెట్టు. వాపు దిగుతుంది, తిన్నది అరుగుతుంది. పొద్దున్నే పళ్ళు తోముకుని పరగడుపున తినాలి. కళ్ళు మూసుకుని తినొచ్చు. తిన్నాక నాలుగడుగులు వెయ్యమను" అన్నాడాయన.

తెల్లారింది. నరసాయమ్మ కచ్చికపొడి తీసుకుని పళ్ళు తోమడం మొదలెట్టింది. బొప్పాయి సులువుగానే లొంగింది. అనాస మాత్రం అరచేతులు గీరేసింది.

"తోమి ఎన్నాళ్ళైందో! ఎంత గార పట్టిందో చూడు మావా!"

తర్వాత ముగ్గురూ కళ్ళు మూసుకున్నారు. ఆవిడ ముక్కలు కోసి అంచనాగా నోటికందించింది.

"ఎలాగుంది మావా?"

"తొక్కలాగుందే."

కళ్ళు తెరిచి చూస్తే అది తొక్కే. పండంతా సన్యాసి పొట్టలో ఉంది.

"నోటికాడికొచ్చింది వద్దంటే తప్పు కదా వదినా" అన్నాడు వాడు.

"పోనీలే, ఇంటోడి కడుపులోనే పడింది" అని సర్దుకుంది నరసాయమ్మ. అంతలో అసలు సంగతి తట్టింది. "నేల మీద కూకుంటే వాపు ఎక్కడికి దిగుతాది?"

అంతే! ఇద్దరూ కలిసి గవరయ్యని అటకెక్కించారు. వాపు దిగడానికి దారుండాలి కాబట్టి నిచ్చెన తియ్యలేదు. దిగిన వాపు మళ్ళీ ఎక్కకుండా సన్యాసి కింద కర్ర పట్టుకుని కాపలా నిలబడ్డాడు.

"మావా, నాలుగడుగులు మర్చిపోయావు!" అని అరిచింది నరసాయమ్మ.

"ఇక్కడ మూడడుగులకే చోటుందే!"

"డాక్టరు బాబు నాలుగన్నారు!"

గవరయ్య పెళ్ళాం మాట తీసేసే మనిషి కాదు. నాలుగోది వేశాడు. ధభేలుమని సన్యాసి మీద పడ్డాడు. కాసేపటికి గవరయ్య చీలమండ ఉబ్బింది. నరసాయమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆనందంతో.

"దిగింది మావా! మోకాలి నుంచి చీలమండ దాకా దిగింది! ఇంకో పండు తింటే గడప దాటేస్తాది!"

కబురందుకుని డాక్టరు పరిగెత్తుకొచ్చాడు. కట్టు కట్టి, కథంతా విని, తల పట్టుకున్నాడు. ఏ పండు ఎలా కోసి, ఎవరికి పెట్టాలో పూసగుచ్చినట్టు చీటీ మీద రాసిచ్చాడు.

"తల్లీ, ఈసారైనా నా మాట చెవిన వేసుకోండి" అని దండం పెట్టి వెళ్ళాడు.

ఆదివారం నాట్లు ఇరుగుపొరుగు వేసి పెట్టారు. సోమవారం డాక్టరు మళ్ళీ వచ్చాడు.

"ఏం గవరయ్యా, నొప్పి తగ్గిందా?"

పలకలేదు. డాక్టరు గట్టిగా అరిచాడు. అయినా పలకలేదు.

నరసాయమ్మ గర్వంగా మొగుడి తల అటూ ఇటూ తిప్పి చూపించింది. "మీ మాట చెవిన వేశాను బాబూ. సగం చీటీ ఇటు, సగం అటు. అరగడానికి కాసింత అనాసరసం కూడా పోశాను!"