రేకుల పొయ్యి దగ్గర మూడు రోజులు

మంగతాయారు తిట్టి ఉంటే నాగలింగం అంత బాధపడేవాడు కాదు. ఆమె తిట్టలేదు.

అతను చేసిచ్చిన బుట్టకమ్మల శీల కాస్త వదులు చేయించుకోవడానికి కొట్టుకి వచ్చింది. చెవి తమ్మెలు వాచి ఉన్నాయి. దవడ కింద, రెండు పక్కలా, కాలిన మచ్చలు ఎర్రగా కనిపిస్తున్నాయి. నాగలింగం ఆ మచ్చల వంక చూస్తూ ఉండిపోయాడు. ఆమే నొచ్చుకుంది.

"మీ పనికి వంక లేదండీ ఆచారిగారూ. పొయ్యి ముందు వంగితే బుట్టలు కాలిపోయి చెంపలకి తగులుతున్నాయి. వద్దులెండి, శీలా వద్దు, ఏమీ వద్దు. పెట్టెలో దాచుకుంటాను."

కమ్మలు గుడ్డలో చుట్టుకుని లేవబోయింది. నాగలింగం చేతులు జోడించాడు.

"ఇక్కడ ఉంచి వెళ్ళండమ్మా. ఒక్కసారి మా గురువుగారికి చూపిస్తాను."

ఆ కమ్మలు ఒకప్పుడు ఆమె తల్లి మెడలోని గుండ్లపేరు. తల్లి పోయేనాటికి గుండ్లన్నీ సొట్టలు పడ్డాయి. వాటిని తెచ్చి ఇస్తూ మంగతాయారు ఒకే మాట చెప్పింది. "అమ్మ వంటి మీది బంగారమండీ. నా వంటి మీద రోజూ ఉండాలి. నేను పోయేదాకా ఉండాలి."

అప్పుడు గురువు పరబ్రహ్మాచారి జ్వరంతో మంచం మీద ఉన్నాడు. ఆయనకొక నియమం ఉంది. రోజూ పెట్టుకునే నగ చేయాలంటే, ఆ మనిషి పని చేసుకుంటుండగా వెళ్ళి చూసి రావాలి. అంతవరకు కుంపటి ముట్టించకూడదు. వీధిలో మిగతా కంసాలులు దీనికి నవ్వేవారు. "పరబ్రహ్మంగారు కమ్మలు చేస్తున్నారా, పెళ్ళిచూపులకి వెళుతున్నారా?" అనేవారు. నాగలింగం పైకి నవ్వలేదు కాని, లోపల అతనికీ అది చాదస్తంగానే ఉండేది. పదేళ్ళు పని నేర్చిన చేతికి ఇంకా వెళ్ళి చూడటమెందుకు అనుకున్నాడు.

మూడు వారాలు కూర్చుని మూడంతస్తుల బుట్టకమ్మలు చేశాడు. అంచున నువ్వుగింజంత గజ్జెలు కట్టాడు. వీధి వీధంతా వచ్చి చూసి మెచ్చుకుంది. పొగడ్త కల్లు లాంటిది. తాగినవాడికి తను తూలుతున్నట్టు తెలియదు.

ఇప్పుడు ఆ కమ్మలు గురువు ముందు పెట్టి, జరిగింది దాచకుండా చెప్పాడు.

"కరిగించి చిన్న దుద్దులు చేస్తానండి."

"దుద్దులు కావాలని ఆవిడ అడిగిందా?"

"లేదండి. చిన్నవైతే చెంపకి తగలవు కదా అని."

"మొన్నా నువ్వే చెప్పావు. ఇవాళా నువ్వే చెబుతున్నావు."

పరబ్రహ్మాచారి ఒక కమ్మను అరచేతిలో పెట్టుకున్నాడు.

"మూసలో పడి కరిగిన ప్రతిసారీ కొంచెం పోతుంది. నీకిది బంగారం. ఆవిడకి వాళ్ళమ్మ. ఎన్నిసార్లు కాలుస్తావురా?"

ఆ మాటకి నాగలింగం కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గురువు చూసి కూడా ఓదార్చలేదు. కమ్మను గుడ్డలో పెట్టి ముడి వేశాడు.

"మూడు రోజులు వెళ్ళి ఆవిడ పొయ్యి దగ్గర కూర్చో. కొలతలు తియ్యకు. ఏం చెయ్యమంటారని అడగకు. చూడు, అంతే."

మంగతాయారుది పూతరేకులు తీసే ఇల్లు. బోర్లించిన కుండ కింద కొబ్బరి మట్టలు మండుతుంటాయి. పలచటి పిండిలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్కసారి లాగితే, ఉల్లిపొర కన్నా సన్నని రేకు వస్తుంది. గాలి సోకితే చాలు, ఎగిరి చిరిగిపోతుంది. అందుకని కిటికీలు మూసి ఉంచుతారు. ఎంత ఉక్కపోసినా ఫ్యాను వేయరు.

నాగలింగం ఒక మూల పీట వేసుకుని కూర్చున్నాడు. మంగతాయారు అత్తగారు సూరమ్మ ఎదురుగా కూర్చుని రేకుల్లో బెల్లం, నెయ్యి వేసి మడతలు పెడుతోంది. ఆవిడ నోరు ఊరుకోదు.

"ఏం నాయనా, బంగారం గిట్టక పూతరేకుల్లోకి దిగుతున్నావా? మా కోడలి దగ్గర నేర్చుకో. నీ పని కన్నా సన్నపనే ఇది, ఆయ్!"

"గురువుగారు కూర్చోమన్నారండి," అన్నాడు నాగలింగం.

"మీ గురువుగారు కూర్చోమంటే ఊరికే కూర్చుంటావా? నా కొడుకుని నేను పాతికేళ్ళు కూర్చోమన్నాను. ఒక్కనాడు కూర్చోలేదు."

"ఆయన్ని కదిలించకండి అత్తయ్యా," అని మంగతాయారు నవ్వింది. నవ్వుతూనే కుండ మీద రేకు తీసింది.

మొదటి రోజు నాగలింగం ఆమె చేతులు చూశాడు. గాజు పెడితే అంచు తగిలి రేకు తెగుతుంది. ఉంగరం పెడితే సందుల్లో పిండి పట్టేస్తుంది. రెండో రోజు మెడ చూశాడు. పుస్తెలతాడే వేడెక్కుతుందని, ఆమె దాన్ని వెనక్కి తోసుకుని పైట బిగించి దోపుకుంటోంది. ముక్కుకి తల్లి బతికుండగా పెట్టించిన పుడక ఉంది. దాన్ని మార్చమంటే ఆమె ఒప్పదు.

సూరమ్మ అతని చూపులు కనిపెట్టింది.

"చేతికి కుదరదు, మెడకి కుదరదు, చెవికి కాలింది. కాలికా, లక్ష్మీదేవిని కాలికి పెట్టకూడదు. ఇక మా కోడలికి కొమ్ములు మొలిపించి తొడగాలయ్యా!"

ఆ సాయంత్రం నాగలింగం గురువు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు.

"ఆవిడ వంటి మీద బంగారానికి చోటు లేదండి గురువుగారూ."

"ఇంకో రోజు ఉంది కదా," అన్నాడు పరబ్రహ్మాచారి.

మూడో రోజు నాగలింగం నగ సంగతి ఆలోచించడం మానేశాడు. ఇక తన వల్ల కాదనుకున్నాడు. కనుక ఊరికే కూర్చుని ఆమెనే చూశాడు.

మధ్యాహ్నానికి ఎండా మంటా కలిసి గది కొలిమిలా ఉంది. మంగతాయారు కణత దగ్గర చెమట బొట్టు పుట్టి చెంప మీదికి జారింది. అది రేకు మీద పడితే చిల్లే. చేతులు రెండూ పిండిలో ఉన్నాయి. ఆమె కుడి మోచేయి పైకెత్తి, రవిక చేతికి కొంచెం కింద, పొయ్యి సెగ అందని దండచేతికి చెంప రాసుకుంది. మళ్ళీ పనిలో పడింది. కాసేపటికి మళ్ళీ అలాగే చేసింది. నాగలింగం లెక్కపెట్టబోయి మానేశాడు. రోజంతా ఆమె అలా చేస్తూనే ఉంది. నిన్నా చేసింది, మొన్నా చేసింది. తన కంటికే ఆనలేదు.

ఒకసారి మట్ట ఎగదోసి, మంట అందుకునేదాకా ఆగింది. అప్పుడు చెంపను అక్కడే ఆనించి కళ్ళు మూసుకుంది. అలసిపోయిన పిల్ల ఎవరి భుజం మీదో వాలినట్టు ఉంది.

నాగలింగం చెప్పులు కూడా వేసుకోకుండా గురువు దగ్గరికి వచ్చేశాడు.

"దండకడియం," అన్నాడు గుమ్మంలోనే.

అది ముసలమ్మలు దండచేతికి పెట్టుకునే నగ. ఇప్పుడు ఎవరూ చేయించుకోరు. పరబ్రహ్మాచారి ఎందుకని అడగలేదు. కుంపటి అతని ముందుకి జరిపాడు.

నాగలింగం తన బుట్టకమ్మలు తనే మూసలో వేశాడు. తనే ఊదుగొట్టం పట్టాడు. ముందు గజ్జెలు కరిగాయి. పక్క కొట్టు వీరేశం తొంగిచూసి, "మూడు వారాల పని మూడు ఊదుళ్ళకి పోయిందా నాగలింగం!" అన్నాడు. నాగలింగం ఊదడం ఆపలేదు.

కడియం సన్నగా వచ్చింది. పైన ఏమీ లేకపోయేసరికి అతని చెయ్యి ఊరుకోలేదు. లత చెక్కుదామని ఒక ఆకు చెక్కాడు. చెక్కి, తన చెంపకి ఆనించుకుని చూశాడు. గీరుకుంది. ఆకురాయి తీసి ఆ ఆకును అరగదీశాడు. తరవాత రెండు రోజులు మెరుగు పెట్టాడు. ఎవరు చేశారని ఇక ఎవరూ అడగరు. అందులో అడగడానికి ఏమీ లేదు. గురువు గోడకి ఆనుకుని ఇదంతా చూశాడు.

కబురందుకుని మంగతాయారు వచ్చింది. వెంట సూరమ్మా వచ్చింది.

"పువ్వా లేదు, గజ్జా లేదు. దీనికా ఇన్నాళ్ళు కూర్చున్నావు?" అంది సూరమ్మ.

"మా అమ్మమ్మకి ఉండేదండీ ఇలాంటిది," అంటూ మంగతాయారు కడియాన్ని మోచేయి దాటించి, రవిక అంచుదాకా ఎక్కించుకుంది. చెయ్యి ఆడించి చూసుకుంది.

కుంపటి మండుతూ ఉంది. ఆమె చెంప మీద చెమట జారింది. అలవాటుగా మోచేయి ఎత్తి చెంప రాసుకోబోయి, అది కడియానికి ఆనగానే ఆగిపోయింది. చెంప ఎత్తలేదు. కళ్ళు మూసుకుంది.

"ఏవే? ఏమైందే?" అంది సూరమ్మ. కోడలి మొహం చూసి, ఆవిడే ఒక అడుగు వెనక్కి వేసింది.

నగ పెట్టుకున్నవారికి అద్దం చూపించడం కొట్టులో ఆనవాయితీ. నాగలింగం అద్దం తీసి, ఇంకా కళ్ళు మూసుకునే ఉన్న ఆమె ముందుకి చాపాడు.

పరబ్రహ్మాచారి ఆ అద్దాన్ని మెల్లగా అతని చేతిలోంచి తీసుకుని, చాప మీద బోర్లా పెట్టాడు.