పైడి కట్టిన చరణం

అనగనగా ఒక అడవి. ఆ ఏడు ఆ అడవిలో నీళ్ళు తక్కువ, పాటలు ఎక్కువ. కోయిల కట్టిన ఇప్పపూల పాట అందరి నోళ్ళలోనూ నానుతోంది. 'ఇప్పపూవు రాలిందోయ్, ఎవరికోసం రాలిందోయ్' అని కుందేళ్ళు పాడేవి, ఏనుగులు పాడేవి, ఆఖరికి రాగమంటే ఏమిటో తెలియని కాకులు కూడా పాడేవి. ఆ పాటను అడవంతా మోసింది చిలకలు. పొద్దున ఈ చివర చిలక ఒక మాట అంటే, మధ్యాహ్నానికి ఆ చివర చిలక అదే మాట అనేది. ఒక్క అక్షరం కూడా పొల్లుపోయేది కాదు.

ఆ అడవిలో పైడి అనే గోరువంక ఉండేది. సింహరాజు గుహలో దానికి కొలువు. రాజుగారికి మతిమరుపు జాస్తి. నిన్న సభలో ఏమనుకున్నారో ఇవాళ గుర్తుండదు. అందుకని గోరువంకలను కూర్చోబెట్టి, సభలో మాటలన్నీ వాటి చేత వల్లె వేయించేవాడు. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు వాకిట్లో ఎలుగుబంటి ఒక్కొక్కదాన్నీ ఆపి, ఏదో ఒకటి పలకమనేవాడు. పగలంతా వల్లె వేసిన మాట నోరు జారితే అక్కడే దొరికిపోవాలని వాడి ఎత్తు. గోరువంకలు గడుసువి. ఇప్పపూల పాట అందుకునేవి. ఎలుగుబంటికి ఆ పాటంటే ప్రాణం కాబట్టి, తల ఊపుతూ వదిలేసేవాడు.

పైడికి నా అన్నవాళ్ళెవరూ లేరు, చుక్కి అనే లేడి తప్ప. చిన్నప్పుడే తల్లిని గద్ద ఎత్తుకుపోయింది. అప్పటినుంచీ చుక్కి వీపే దాని ఇల్లు. ఆ వీపు మీద గోమారి పురుగులు ఏరుకు తింటూ పెరిగింది. చుక్కిని అక్కా అని పిలిచేది. ఆ ఏడే చుక్కికి ఒక బిడ్డ పుట్టింది. పైడికి ఆ బిడ్డను చూస్తే కడుపు నిండిపోయేది.

ఒకరోజు పొరుగు అడవి తోడేళ్ళు సభకు వచ్చాయి. సరిహద్దులో గొడవలు ఆపాలంటే తమకొక మందను అప్పగించాలన్నాయి. రాజుగారు కాసేపు జూలు గోక్కున్నాడు. మంత్రి నక్క ఆయన చెవిలో ఏదో ఊదింది. ఎండు వాగు అవతల కొత్త గడ్డి మొలిచిందని లేళ్ళకు చాటింపు వేయాలి, అవి నమ్మి బయలుదేరాలి, వాగులో తోడేళ్ళు కాచుకుని ఉండాలి. అలా తేలింది బేరం.

"ఇది రాజ్యరహస్యం. అడవి క్షేమం కోసమే చేస్తున్నాం," అన్నాడు రాజు.

గోరువంకలు ఆ మాటలన్నీ వల్లె వేశాయి. పైడి కూడా వేసింది. చుక్కి ఉండేది ఆ లేళ్ళ మందలోనే. వాకిట్లో ఇప్పపూల పాట అందుకుంటే, ఇవాళ గొంతు బొంగురుపోయిందేం అని ఎలుగుబంటి అడిగాడు. ఎండ దెబ్బ అని చెప్పి బయటపడింది.

పైడి తిన్నగా లేళ్ళ మంద పెద్ద దగ్గరికి ఎగిరింది. విన్నదంతా చెప్పింది. ఆ పెద్దాయన కొమ్ములు ఊపి, రాజుగారి రహస్యం నీకు తెలిస్తే బయటికి చెప్పకూడదు, తెలియకపోతే నువ్వు చెప్పేది అబద్ధం, రెండిట్లో ఏదైనా నేను వినను అన్నాడు. ఎంత చక్కని తర్కమో చూశారా పిల్లలూ! ప్రాణం పోతుందన్నా మర్యాద తప్పని పెద్దమనిషి.

పైడి చిలకల దగ్గరికి పోయింది. మీరు చెబితే అడవంతా వింటుంది, ఈ ఒక్క మాట మోయండని బతిమాలింది. చిలకలు ముక్కులు తిప్పుకున్నాయి. రాగం లేని మాట ఎవడికి కావాలి, ఎవడు మళ్ళీ అంటాడు అన్నాయి.

ఇక మూడో దారి ఒక్కటే మిగిలింది. పైడి రాత్రంతా ఆలోచించి, ఇప్పపూల పాటకు ఒక చరణం కట్టింది.

'ఎండు వాగు దారిలోన తోడేళ్ళు కాచాయోయ్,
కొత్త గడ్డి లేదక్కడ, లేళ్ళు వెళ్ళొద్దోయ్.'

తెల్లారి చిలకల చెట్టు కింద నుంచుని పాడింది. చిలకలు ఎగిరి గంతేశాయి. మధ్యాహ్నానికి అడవి చివరిదాకా పాట పాకింది. సాయంత్రానికి పాత చరణాలు ఎవరికీ గుర్తు లేవు. అందరికీ కొత్త చరణమే కావాలి. కోతులు దానికి గంతులు కట్టాయి. లేడిపిల్లలు సగం తోడేళ్ళయి, సగం లేళ్ళయి, అదే పాడుతూ ఆడుకున్నాయి. పైడి కొమ్మ మీద కూర్చుని, ఎవరైనా పాట ఆపి వాగు వైపు చూస్తారేమోనని ఎదురుచూసింది. ఎవరూ చూడలేదు.

చరణం రాజుగారి చెవిన పడింది. పాటను నిషేధిద్దామన్నాడాయన. వద్దన్నది నక్క. "పాట జోలికి పోకండి ప్రభూ. ఎవరు కట్టారో వెతికించండి చాలు. జనం కూడా మనతో కలిసి అదే వెతుకుతారు," అంది.

నక్క అన్నట్టే అయింది. రహస్యం బయటపెట్టినవాళ్ళు ద్రోహులని ఏనుగులు అన్నాయి. కాదు, వీరులని కుందేళ్ళు అన్నాయి. నెమళ్ళు రెండు జట్లుగా చీలి ఈకలు పీక్కున్నాయి. తన పాట పాడుచేశారని కోయిల ఒకపక్క ఏడుపు. అడవంతా గొంతు చించుకుంటోంది గాని, వాగులో తోడేళ్ళు ఉన్నాయా లేవా అని అడిగిన పాపాన పోలేదు ఎవరూ. సిగ్గులేని అడవి!

పైడికి ఒళ్ళు మండిపోయింది. తనే సభలోకి పోయి రాజుగారి ఎదుట వాలింది. "ఆ చరణం కట్టింది నేనే," అంది. "పాట వదిలేయండి. మాట వినండి. రాజుగారు లేళ్ళను తోడేళ్ళకు ఇచ్చేశారు. నా చెవులారా విన్నాను."

సభ వెనకనుంచి ఒక కోతి, అలా కాదు, పాడి చెప్పు అన్నాడు. మిగతావాళ్ళు అవునవునన్నారు. పైడి పాడనంది. మాటగా చెబితే పాటంత బాగా లేదని జనం పెదవి విరిచి, ఎవరిదారిన వాళ్ళు లేచిపోయారు. నక్క నవ్వింది. పైడి రెక్కలు కత్తిరించి, దారి పక్కన ముళ్ళ పంజరంలో పెట్టారు.

మర్నాడు చాటింపు వేశారు. లేళ్ళు బారులు తీరి బయలుదేరాయి. పంజరం దగ్గర చుక్కి ఆగింది. బిడ్డ దాని కాళ్ళ మధ్య గంతులు వేస్తోంది.

"అక్కా, వెళ్ళకు. పిల్లని చూసైనా ఆగు," అంది పైడి.

"నువ్వు అబద్ధం చెప్పవని నాకు తెలుసే," అంది చుక్కి. "కానీ అడవంతా పాడుతోంది కదా. అది నిజమైతే ఎవరో ఒకరు ఆగేవాళ్ళు కాదుటే? మందను వదిలి నేనొక్కదాన్ని ఎలా ఆగను?"

మంద కదిలింది. చుక్కి కదిలింది. బిడ్డ తల్లి వెంట గెంతుతూ, 'లేళ్ళు వెళ్ళొద్దోయ్' అని పాడుకుంటూ పోయింది. పైడి ముళ్ళకేసి ఛాతీ కొట్టుకుని అరిచింది. ఎలుగుబంటి వచ్చి, అరవకమ్మా, ఆ పాట వినబడటం లేదు అన్నాడు.

వాగు వైపునుంచి చాలాసేపు పాట వినిపించింది. తర్వాత ఆగిపోయింది. అడవి కాసేపు చెవులు రిక్కించి, మళ్ళీ తన పనిలో పడింది.

సాయంత్రానికి వాగు వైపునుంచి అదే పాట మళ్ళీ వచ్చింది. రాగం తప్పలేదు, ఒక్క మాటా పోలేదు. ఈసారి పాడుతున్నది తోడేళ్ళు.

నీతి: హెచ్చరికను పాటలా విని, దాన్ని చెప్పినవాళ్ళ గురించి మాత్రమే కొట్లాడుకునేవాళ్ళను కాపాడటం ఎవరి తరమూ కాదు.