రాజావారి ఈల

పళ్లు ఊడాక గుమ్మలకోట రాజు గోపభూపాలుడికి ఈల మీద మనసు పుట్టింది.

వేటకి వెళ్లినప్పుడు ఒక గొర్రెలకాపరి ఈల వేస్తే, వాడి కుక్క అంత మందనీ ఒక్కదరికి తోలుకొచ్చింది. అది చూసి రాజుకి కన్ను కుట్టింది.

"ఇంత రాజ్యం ఏలుతున్నాం. మా ఈలకి కదిలే కుక్క ఒక్కటైనా లేదా?" అన్నాడు.

అనడమే ఆలస్యం, వేటల అధికారి ప్రతాపమల్లు ఆరు వేటకుక్కల్ని తెప్పించి సభలో నిలబెట్టాడు. మనిషికి మీసం ఎంత పొడుగో, గొప్పలు అంతకి రెట్టింపు. అతను ఒక ఈల వేస్తే కుక్కలు కూర్చున్నాయి. రెండు వేస్తే పడుకున్నాయి.

"ఇక ప్రభువులు కానివ్వండి!"

రాజు పెదవులు సున్నాలా చుట్టాడు. ముందు పళ్లు రెండూ కిందటేడు చెరకుగడ కొరుకుతూ పోగొట్టుకున్నాడాయన. గాలంతా ఆ సందులోంచి జారుకుంది.

"తుస్."

కుక్కలు ఆవలించాయి. ఒకటి వెనక కాలితో చెవి గోక్కుంది. సభంతా నేలచూపులు చూసింది. పళ్ల సంగతి రాజుగారికి చెప్పి తల పోగొట్టుకునేదెవరు?

"లోపం ఎక్కడుంది?" అని రాజు గర్జించాడు.

"తమరి ఈలలో మాత్రం లేదు ప్రభూ!" ప్రతాపమల్లు వేలు విదూషకుడు చెంగప్ప వైపు తిరిగింది. "నిన్న వీటికి గారెలు పెట్టింది ఇతనే. హాస్యగాడి చేతి తిండి తిన్న కుక్కలకి రాజాజ్ఞ వేళాకోళంగానే ఉంటుంది."

గారెలు పెట్టిన మాట నిజమే. చెంగప్ప అడ్డంగా దొరికిపోయాడు.

"పౌర్ణమికి పొరుగు రాజు వస్తున్నాడు. ఆయన ముందు ఇవి మా ఈల వినాలి. వినలేదో, ఈ ఆరింటినీ వెంటబెట్టుకుని రాజ్యం దాటిపో!" అన్నాడు రాజు.

ఇంటికొచ్చి సంగతి చెబితే భార్య గంగసాని నెత్తి కొట్టుకుంది.

"ఎక్కడికి పోతామయ్యా? ఆరు కుక్కలతో మా అన్నయ్య గడప తొక్కితే, మా వదిన మనల్నే గొలుసుకి కట్టేస్తుంది."

ఊరందరినీ నవ్వించి బతికే చెంగప్పకి నవ్వు రాలేదు.

మర్నాటి నుంచి కోట వెనక కొట్టంలో తర్ఫీదు మొదలైంది. ప్రతాపమల్లు వచ్చి తలుపు సందుకి చెవి ఆనించాడు. లోపల ఈల అన్నది వినబడితే ఒట్టు. ఎవరో వేడి కషాయం ఊదుకుంటున్నట్టుంది, అంతే.

"ఈల లేకుండా ఈలకి తర్ఫీదట! వీడికి పిచ్చి ముదిరింది" అనుకుని, మీసం దువ్వుకుంటూ వెళ్లిపోయాడు.

పౌర్ణమి వచ్చింది. పొరుగు రాజూ వచ్చాడు. కొలువు కిటకిటలాడింది. గోపభూపాలుడు లేచి పెదవులు చుట్టాడు.

"తుస్."

ఆరు కుక్కలూ ఠక్కున కూర్చున్నాయి.

"తుస్, తుస్."

బారుగా పడుకున్నాయి. రాజు మొహం మతాబాలా వెలిగింది. పొరుగు రాజు చెవిలో వేలు పెట్టి తిప్పుకుని, "భేష్! ఈల మాకు వినబడలేదు గానీ కుక్కలకి బాగానే వినబడింది" అన్నాడు.

ప్రతాపమల్లుకి ఒళ్లు మండిపోయింది.

"మోసం ప్రభూ! అది ఈలే కాదు!"

"ఏది ఈల కాదు?" రాజు కళ్లు ఎర్రబడ్డాయి.

ప్రతాపమల్లు మాట మార్చి చెంగప్ప మీద విరుచుకుపడ్డాడు.

"అంటే... ఇతని తర్ఫీదు సంగతి ప్రభూ! ఇవాళ ఆడినా రేపటికి తుస్సు! ఎల్లుండికి తుస్సు! అంతా ఉత్త తుస్సు!"

మూడో తుస్సు నోట్లోంచి పడిందో లేదో, ఆరు కుక్కలూ అతని మీదికి లంఘించాయి. తలపాగా ఊడబెరికి, తెచ్చి రాజు పాదాల దగ్గర పెట్టి తోకలాడించాయి.

ఎవరూ నవ్వలేదు. సంగతి అందరికీ ఒక్కసారే అర్థమైంది, రాజుకి కూడా.

"చెంగప్పా! అయితే మా ఈల... తుస్సా?"

అవునంటే తల పోతుంది. కాదంటే కుక్కలే సాక్ష్యం. చెంగప్ప చేతులు కట్టుకుని ఒక్క గుక్కలో అనేశాడు.

"ఈల వేసి కుక్కని కదిలించడం గొర్రెలకాపరికీ వచ్చు ప్రభూ! ఉత్త తుస్సుతో కదిలించాలంటే రాజై పుట్టాలి!"

"మరి వీడి తుస్సుకి కదిలాయేం?"

"రాజుగారి తుస్సు ఇంకొకరు వాడుకుంటే తలపాగా దక్కదు ప్రభూ. కుక్కలకి ఆ ధర్మం కూడా నేర్పాను."

రాజు ఇక పట్టలేకపోయాడు. నవ్వేశాడు. ఆ నవ్వు కూడా పళ్ల సందులోంచి గాలిగానే వచ్చింది.

తుస్, తుస్, తుస్!

మంత్రి తలపాగా పోయింది. సేనాపతిదీ పోయింది. పొరుగు రాజు తన కిరీటాన్ని రెండు చేతులా పట్టుకుని, ఆసనం మీదికెక్కి నిలబడి పడీపడీ నవ్వాడు.

రాజు ఒక చేత్తో నోరు మూసుకుని, రెండో చేత్తో తన మెడలోని ముత్యాల హారం లాగి చెంగప్ప మెడలో వేశాడు. వేసి, నోటి మీంచి చెయ్యి తీసి ఏదో అనబోయాడు.

"వద్దు ప్రభూ!" అంటూ సభంతా నెత్తిన చేతులు పెట్టుకుని ఒక్కసారి గొల్లుమంది.