గెడ్డ దాటే కారు

పరదేశయ్య గారిని ప్రశ్న అడగాలంటే మేమంతా కాస్త జంకేవాళ్ళం. కోప్పడతారని కాదు. ఆయన కోప్పడగా చూసినవాళ్ళు మాలో ఎవరూ లేరు. అడిగినవాళ్ళ చేతికి ఏదో ఒక పని అప్పగిస్తారు, అదీ భయం. వైరాగ్యం అంటే ఏమిటని అడిగిన పాపానికి ఒక బ్యాంకు ఉద్యోగి పొద్దుగూకేదాకా ఆయన పెరట్లో చిక్కుడు పందిరి విప్పి మళ్ళీ కట్టాడు. అతనికి వైరాగ్యం అర్థమైందో లేదో తెలియదు గానీ, పందిరి మాత్రం బాగా కుదిరింది. ఎస్.కోటలో ఆయన ఇంటి ముందు రేకుల వసారాలో సాయంత్రాలు కూర్చునే మాకు ఇదంతా అలవాటే.

ఆ ఏడు ఆయుధపూజ నాడు గౌరీశ్వరి తన కారు వేసుకుని వచ్చింది. ఆమె సంగతి కొంచెం చెప్పాలి. వాళ్ళ మావగారికి డయాలసిస్ జరిగినన్నాళ్ళూ వేళకి బండి దొరక్క ఆ పెద్దాయన పడిన అవస్థ దగ్గరుండి చూసిన మనిషి. ఆయన పోయాక డ్రైవింగ్ నేర్చుకుని ఎలక్ట్రిక్ కారు కొంది. వాగుని మా వైపు గెడ్డ అంటాం. మా ఊరి పక్కన పారే గెడ్డకి అవతలున్న ఊళ్ళలోని కిడ్నీ జబ్బువాళ్ళని విజయనగరం ఆసుపత్రికి తీసుకెళ్ళి, మళ్ళీ ఇళ్ళ దగ్గర దించుతుంది. ఒక్కసారి డయాలసిస్ తప్పితే ఒళ్ళు పొంగిపోయి ఊపిరాడక కొట్టుకునే మనుషులు వాళ్ళు. ఆ కారు మూలపడితే వాళ్ళకి వేరే దిక్కు లేదు. దాని మీదే బతుకుతున్న ఆమెకీ లేదు.

కారు కొన్నప్పుడు షోరూం వాళ్ళు కట్టించిన ఇన్సూరెన్స్ ఆ నెలతో అయిపోతుంది. రెండు కంపెనీల ఏజెంట్లు ఆమెతో మాట్లాడుతున్నారు. ఒకాయన నోట తేనె ఒలుకుతుంది. రెండో ఆయన ఫోనెత్తడమే అప్పుడే నిద్రలేపినట్టు మాట్లాడతాడట. నమస్కారం పెట్టి కూర్చుందో లేదో, గౌరీశ్వరి అడిగేసింది.

"గురువుగారండి, ఈ రెండిట్లో ఏ కంపెనీని నమ్మమంటారు?"

మేం ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. బ్రహ్మం గురించి అడగవలసిన చోట బీమా గురించి అడుగుతోందని మా వేళాకోళం. ఆయన మాత్రం నవ్వలేదు. ముందు బండికి పూజ కానిమ్మన్నారు.

గౌరీశ్వరి అందరూ చేసినట్టే చేసింది. బానెట్‌కి పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టింది, బంతిపూల దండ వేసింది, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. పరదేశయ్య గారు కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, దీని ప్రాణం ఎక్కడుంటుందని అడిగారు. బ్యాటరీలో అంది. ఆ బ్యాటరీ ఎక్కడుందన్నారు. సీట్ల కింద, బండి అడుగున పరిచినట్టు ఉంటుందని చెప్పింది.

"మరి బొట్టు ఇక్కడ పెట్టావేమ్మా?"

అందరూ అక్కడే పెడతారండి అంది. అదీ నిజమే. లారీకి, జీపుకి, ట్రాక్టరుకి మా తాతల కాలం నుంచీ అక్కడే పెడుతున్నాం. ప్రాణం ఉన్న చోట కూడా ఒకటి పెట్టమని, ఆయనే లోపల్నుంచి గోనెపట్టా తెచ్చి నేల మీద పరిచారు. పండగపూట కొత్త చీర కట్టుకున్న మనిషి కుంకుమభరిణ చేత పట్టుకుని, వెల్లకిలా పడుకుని, కారు కిందకి తల దూర్చింది. ఇవాళ్టికి ఈమెకి పని తగిలిందనుకుని మేం నవ్వుకున్నాం.

చాలాసేపు ఆమె బయటికి రాలేదు. వచ్చాక చూస్తే మొహంలో నెత్తుటి చుక్క లేదు. బ్యాటరీ పెట్టె అడుగంతా గీరుకుపోయి ఉందట. ఒకచోట లోపలికి సొట్ట కూడా పడిందట. గెడ్డ దాటేటప్పుడు కింద రాళ్ళు తగిలిన చప్పుడు ఏడాదిగా వింటూనే ఉంది, అవి ఎక్కడ తగులుతున్నాయో మాత్రం ఏనాడూ వంగి చూడలేదు. ఇంకొక్క రాయి గట్టిగా తగిలుంటే నీళ్ళ మధ్య ఆగిపోయేదాన్ని, వెనక సీట్లో ఆ జబ్బువాళ్ళుండేవాళ్ళు అంది. మా నవ్వు అక్కడితో ఆగింది. నవ్వినందుకు నాకు సిగ్గేసింది.

పరదేశయ్య గారు ఆమెకి మంచినీళ్ళు ఇప్పించి, ఆ ఇద్దరికీ ఇప్పుడే ఫోన్ చెయ్యమన్నారు. ఎంత కట్టాలన్నది వదిలేసి, ఇప్పుడు చూసినదాని గురించి అడగమన్నారు. ఆమె అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టింది.

గెడ్డలో రాయి తగిలి బ్యాటరీ పెట్టె చిట్లి లోపలికి నీళ్ళు పోతే డబ్బులిస్తారా అని మొదటాయన్ని అడిగింది. అన్నీ వస్తాయి మేడమ్, నిశ్చింతగా ఉండండి, మేమున్నాం కదా అన్నాడు. బండి గెడ్డలోనే ఆగిపోతేనో అంది. ఎక్కడ ఆగినా మాది పూచీ అన్నాడు. మాటలు కోటలు దాటుతున్నాయి. రేపే కట్టేస్తే మంచిదని చెప్పి, ఇంటిల్లిపాదికీ దసరా శుభాకాంక్షలు కూడా చెప్పి పెట్టేశాడు. గౌరీశ్వరి మొహంలోకి కాస్త రంగు వచ్చింది.

రెండో ఆయన అంతా విని, మామూలు పాలసీలో అది రాదన్నాడు. బ్యాటరీకి విడిగా ఇంకో కవరు, అంటే అదనపు బీమా, తీసుకోవాలన్నాడు. అది తీసుకున్నా సరే, నీళ్ళలో ఆగిన బండిని మళ్ళీ స్టార్ట్ చెయ్యబోతే పైసా రాదన్నాడు. గెడ్డ మీద వంతెన ఉందా అని అడిగాడు. లేదు, నీళ్ళు పైనుంచి పారే, రాళ్ళు తేలిన కాజ్‌వే మీంచే దాటాలంది. వానాకాలంలో నీళ్ళు ఎంత లోతు పారతాయని అడిగాడు. ఒక్కోరోజు మోకాలి దాకా వస్తాయంది. అప్పుడు ఉన్నమాట చెప్పేశాడు.

"ఆ రోజు బండి దింపొద్దమ్మా. తెలిసి దింపితే మా వాళ్ళు ఏమీ ఇవ్వరు. ఇవ్వరని ముందే చెబుతున్నా."

దసరా ఊసే ఎత్తకుండా పెట్టేశాడు. గౌరీశ్వరి ఫోను ఒళ్ళో పెట్టుకుని మెట్టు మీద కూలబడింది. పొద్దున్నుంచీ ఆమె వెతుకుతున్నది ధైర్యం చెప్పే మాట ఒక్కటే. అది ఒకరు ఇచ్చారు, ఇంకొకరు లాక్కున్నారు. ఆమె కళ్ళు చూస్తే ఎవరికైనా జాలేస్తుంది.

"ఈయనేటండి, దేనికీ రాదు రాదనే అంటన్నాడు. మొదటాయనైతే అన్నిటికీ వస్తాదన్నాడు కదండీ."

పరదేశయ్య గారు వెళ్ళి ఆమె పక్కన అదే మెట్టు మీద కూర్చున్నారు.

"అన్నాడమ్మా. గెడ్డ ఎంత లోతని అడిగిందెవరు?"