రాజుగారి బిరుదులూ, పోలమ్మ కొసరూ

ఒకానొక రాజ్యంలో రణకేసరి అనే రాజుండేవాడు. యుద్ధాలేవీ లేక, ఊరికే కూర్చోలేక ఒకనాడు అంగడికి వెళ్లాడు. అక్కడి బేరాల గోల విని చెవులు మూసుకున్నాడు. మర్నాడే చాటింపు వేయించాడు: "ఏ కూరకైనా కోట చెప్పిందే ధర. బేరమాడరాదు. కొసరు వేయరాదు."

ఇంకేముంది, లేత వంకాయలు పొరుగు రాజ్యం సంతకు దారి పట్టాయి. మన అంగడిలో ముదిరినవీ పుచ్చినవీ మిగిలాయి. లేతకూ ముదురుకూ ఒకటే ధర అయితే లేతవి ఎవరు తెస్తారు చెప్పండి! రాజుగారికి మాత్రం ఈ సంగతి తట్టలేదు.

ఇంతలో పోలమ్మ అనే కూరలమ్మి భటులకు దొరికిపోయింది. ఆమె చేసిన నేరమల్లా ఒక బాలింతకు బీరకాయలు తూచి ఇచ్చి, పైన గుప్పెడు కరివేపాకు వేయడం.

"రేపు సభలో విచారణ. అంగడిలో దాని చోటు పీకేయిస్తాను" అన్నాడు రాజు. ఆ చోటు పోతే పోలమ్మ ఇంట్లో పొయ్యి వెలగదు.

కొలువులో దేచన అనే చమత్కారి ఉండేవాడు. ఆయన ఆ సాయంత్రం, రాజుగారి బిరుదులు చదివే వందిమాగధుడి ఇంటికి వెళ్లి చెవిలో ఏదో చెప్పి వచ్చాడు.

తెల్లవారింది. సభ నిండింది. రాజు మీసం దువ్వుకుంటూ గుమ్మంలో ఆగాడు. రోజూ అక్కడ 'రాజాధిరాజ, రాజమార్తాండ, వైరిగజసింహ' అంటూ బిరుదులు మోగాలి. వంది ఒకసారి దగ్గి, "రాజుగారు వచ్చారు" అని ఊరుకున్నాడు.

రాజు మొహం కందగడ్డ అయింది. "నా బిరుదులేవిరా?"

వంది దేచన వైపు చూశాడు. దేచన లేచి చేతులు కట్టుకున్నాడు.

"ప్రభూ, వాడికి జీతమిచ్చేది తమ రాక చెప్పడానికి. చెప్పాడు. బిరుదులన్నీ వాడు ప్రేమకొద్దీ వేసే కొసరు. కొసరు వేస్తే శిక్ష అని తమరే కదా సెలవిచ్చారు?"

రాజు లోలోపల లెక్క వేసుకున్నాడు. బిరుదులు కావాలంటే కొసరు అడిగినట్టే. వద్దంటే రోజూ ఇలా బోసిగా లోపలికి రావాలి.

"అయితే చాటింపు ఎత్తేస్తే అమ్మేవాళ్లు ఇష్టమొచ్చిన ధర చెప్పి జనాన్ని దోచుకోరా?" అని గద్దించాడు.

విచారణకని భటుల మధ్య నిలబడ్డ పోలమ్మ ఊరుకోలేకపోయింది. "దోచుకుంటే నా కాడికి ఎవరొస్తారు దొరా? పక్కనే ఎర్రమ్మ బుట్ట ఉండాది, అటే పోతారు! ఆ కరేపాకు ఏసింది బాలింత మీద జాలి కొంతా, ఎర్రమ్మ మీద కచ్చ కొంతా!"

రాజు పకపకా నవ్వాడు. పోలమ్మ చోటు పోలమ్మకే వదిలేశాడు. తన భుజం మీది శాలువా తీసి దేచనకు కప్పాడు. నాకు ఈ రాజు నచ్చేది ఇక్కడే. ఓడిపోయి కూడా నవ్వగలిగినవాళ్లు సింహాసనాల మీద ఎందరుంటారు?

దేచన శాలువా సర్దుకుని దోసిలి పట్టాడు. "మరి కొసరు, ప్రభూ?"

"ఇంకా ఏం కావాలయ్యా?"

"అంగడిలో తిరిగే భటుల్ని వెనక్కి పిలిపించండి. ధర సంగతి అమ్మేవాళ్లూ కొనేవాళ్లూ చూసుకుంటారు."

"సరే, పిలిపించాను ఫో!" అన్నాడు రాజు.

అప్పుడు వంది గొంతు సవరించుకుని, ఆపిన బిరుదులన్నీ ఏకబిగిన చదివాడు. చివర్లో ఎవరూ అడక్కుండానే ఇంకొకటి కలిపాడు: "వంకాయల జోలికి పోని మహాప్రభూ!"

అది కొసరేనని అందరికంటే ముందు పోల్చుకుని నవ్వినవాడు రాజే.