మూలిగే మంచినీళ్ళ బావి

అనగనగనగా, సముద్రం ఒడ్డున ఉప్పు పండించుకునే ఊరొకటి ఉండేది. ఊఁ కొడుతూ విను మరి. మధ్యలో నిద్రపోయావంటే బావి సంగతి తెలీదు నీకు.

ఆ ఊళ్ళో ఎటు తవ్వినా ఉప్పునీళ్ళే. ఒక్క బావిలోనే మంచినీళ్ళు. పొద్దల్లా ఉప్పు మళ్ళలో నిలబడి నిలబడి ఆడవాళ్ళ కాళ్ళు పగిలిపోయేవి. అందుకని సాయంత్రం ఇంటికి రాగానే ముందు మంచినీళ్ళతో కాళ్ళు కడుక్కోవాలి, ఆ తర్వాతే ఏ పనైనా. లేకపోతే పగుళ్ళలో ఉప్పు చేరి, ఆ మంట ప్రాణాలు తోడేస్తుంది.

ఆ ఊళ్ళో నూకరత్నం అని, నీ ఈడు పిల్ల. వాళ్ళమ్మ పేరు కాసులమ్మ. రోజూ అమ్మ కాళ్ళమీద నీళ్ళు పోసేది ఈ పిల్లే.

ఆ ఏడు బావికి కొత్త చెక్క మూత చేయించారు. గాలికి ఉప్పు ఎగిరొచ్చి నీళ్ళలో పడకుండా అన్నమాట. సాయంత్రం నీళ్ళు తోడుకున్నాక మూత పెట్టి, అంచుల చుట్టూ బంకమట్టి మెత్తేవాళ్ళు. మూత ఎత్తే తాడు కోసం మధ్యలో ఒక కన్నం, అంతే. అప్పట్నుంచీ మొదలైంది. చీకటి పడేవేళకో, ఇంకాస్త రాత్రయ్యాకో బావి "ఊఁఁ" అని మూలగడం! అమావాస్యకీ పౌర్ణమికీ అయితే మరీ గట్టిగా.

ఇంకేముంది, ఊరంతా హడలిపోయింది. "బావిలో ఏదో చేరిందర్రా! వచ్చే అమావాస్యకి మట్టి పోసి పూడ్చీడమే" అన్నాడు ఊరిపెద్ద పోలయ్య తాత.

పూడిస్తే మంచినీళ్ళకి కొండ అవతలికి నడవాలి. పగిలిన కాళ్ళతో కాసులమ్మ అంత దూరం ఎలా నడుస్తుంది? నూకరత్నానికి ఏడుపొచ్చింది. ఏడ్చింది కూడా. ఆ తర్వాత ముక్కు తుడుచుకుని, బళ్ళో పాఠాలు చెప్పే వరహాలమ్మ టీచరు దగ్గరికి పరుగెత్తింది.

"టీచరుగారూ, బావిలో ఏటుందండీ?"

"నాకూ తెలీదే. చేసి చూద్దాం పద" అందావిడ. ఆవిడ తీరే అంత. ఏదీ ఊరికే నోటితో చెప్పదు, పిల్లల చేత చేయించి చూపిస్తుంది.

అప్పుడు టీచరు ఒక ఖాళీ సీసా ఇచ్చి, మూతిమీద ఊదమంది. ఊదితే సీసా అచ్చం బావిలాగే మూలిగింది. ఓహో, ఇది గాలి పని అయ్యుంటుంది అనుకుంది నూకరత్నం. ఆ సాయంత్రం ఒక కోడి ఈకని దారానికి కట్టి, మూత కన్నంమీద వేలాడదీసింది. బావి మూలిగింది. ఈక రివ్వున పైకి లేచింది. పిల్ల మాత్రం అక్కణ్ణించి కదల్లేదు. లోపల్నుంచి గాలి వస్తోంది!

మరి ఆ గాలిని నెట్టేదెవరు? బయటి ఈదురుగాలే లోపల దూరి తిరిగొస్తోందేమో అనుకుంది. ఆకు కూడా కదలని ఒక సాయంత్రం చూసుకుని వెళ్ళి కూర్చుంది. బావి ఎప్పట్లాగే మూలిగింది. "పోనీలే, అది కాదని తెలిసింది కదా" అంది టీచరు. నూకరత్నానికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. అమావాస్య దగ్గరకొచ్చేస్తోంది మరి!

అయినా వదిలిపెట్టలేదు. ఆ తర్వాత ఒక పొద్దున్న తాడుకి రాయి కట్టి బావి అడుగుదాకా దింపింది. పైకి లాగి, తడి ఎక్కడిదాకా ఉందో అక్కడ ముడి వేసింది. సాయంత్రం అందరూ తోడుకున్నాక మళ్ళీ దింపింది. తోడితే నీళ్ళు తగ్గాలి కదా? తడి ముడి దాటి పైకొచ్చింది! తల తిప్పి చూస్తే, సముద్రం పోటుమీద ఉంది. మళ్ళ పక్క కాలవలోకి నీళ్ళు ఎక్కుతున్నాయి.

సముద్రం పొంగితే కింద బావీ పొంగుతోందన్నమాట! అమావాస్యకీ పౌర్ణమికీ పోటు ఎక్కువని ఆ ఊళ్ళో పసిపిల్లలకీ తెలుసు. మళ్ళకి నీళ్ళు పెట్టుకునేదే ఆ లెక్కన. బావి దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒక్కరికీ ఆ లెక్క తట్టలేదు, చూశావా!

అమావాస్య రానే వచ్చింది. సాయంత్రం అందరూ పారలు పట్టుకుని వచ్చారు. నూకరత్నం బావికి అడ్డంగా నిలబడింది. అడుగు కోసేసిన ప్లాస్టిక్ సీసా మూతికి కొబ్బరాకు బూర పెట్టి, సందుల్లో బంకమట్టి మెత్తింది. ఆ సీసాని నీళ్ళ బకెట్లోకి నిలువునా నొక్కింది. బూర "పీఁ" మని మోగింది!

"నీళ్ళు పైకొస్తే లోపలి గాలి బయటికి పోతాది తాతా. మన మూత కన్నంలోంచి వచ్చేదీ ఆ గాలే."

పోలయ్య తాత గడ్డం గోక్కున్నాడు. "మరి మొన్న పోటొచ్చినా మూలగలేదు. అదెందుకే?"

నూకరత్నం టీచరు వైపు చూసింది. టీచరు తల అడ్డంగా ఊపింది. ఆవిడకీ తెలీదు. ఏదో ఒకటి కల్పించి చెప్పేస్తే గండం గడిచిపోయేదే. అమ్మ అక్కడే నిలబడి ఉంది, పగిలిన కాళ్ళతో. అయినా ఆ పిల్ల కల్పించలేదమ్మా.

"తెలీదు తాతా" అంది. "రోజూ చూసి కనుక్కుంటాను. ఇయ్యాల పూడ్చేస్తే మాత్రం ఇంక ఎవరికీ ఎప్పటికీ తెలీదు."

అప్పుడు పోలయ్య తాత పార కింద పడేసి, బావి పక్కన చతికిలబడ్డాడు. "సరే, రేపట్నుంచి నేనూ నీతో కూర్చుంటాను. ఓలె కాసులమ్మా, చూస్తావేటి? నీళ్ళు తోడుకో, కాళ్ళు కడుక్కో" అన్నాడు.

మరి తాత చెప్పిన ఆ రోజు, పోటొచ్చినా బావి ఎందుకు మూలగలేదు అంటావా? వాళ్ళింకా చూస్తూనే ఉన్నారు. నాకూ తెలీదు. పొద్దున్నే లేచి, ఒక సీసా, ఒక బకెట్టూ తెచ్చుకో. నువ్వూ నేనూ చేసి చూద్దాం.

పోటు పొంగింది, బావి పాడింది,
కథేమో కంచి దారి పట్టింది,
మన కంటికి కమ్మని కునుకు పట్టింది.